గర్భసంచిలో గడ్డ, చోడి అంబలి, నా రక్తం లెక్క

పర్లాకిమిడిలో మా వీధి ఆడవాళ్లం నెలసరి బాధలు అరుగుల మీద కూర్చుని దాచకుండానే చెప్పుకుంటాము గాని, రక్తస్రావం పది రోజులైనా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తొందరగా రాదు. నేనూ అలాగే రెండేళ్లు గడిపాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని 42 ఏళ్ల వయసు మీదికి నెట్టేశాను. చివరకు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 ఉన్నదనీ, గర్భాశయపు కండరంలో 4 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ అనే గడ్డ ఉన్నదనీ తేలింది.

మొదట చూపించుకున్న నర్సింగ్ హోములో, ఆ కాగితం చూసిన పది నిమిషాలకే, "పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, సంచి తీయించేసుకోండి" అన్నారు. మా అమ్మ కూడా అదే మంచిదన్నది. నాకు మనసొప్పక బరంపురంలో మరొక డాక్టరమ్మను కలిశాను. ఈ గడ్డలు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావనీ, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ హార్మోన్ల ప్రభావంతో పెరిగి ముట్లు ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయనీ, నా విషయంలో ముందుగా సరిచేయవలసింది రక్తహీనతేననీ ఆవిడ ఓపికగా వివరించారు. రక్తస్రావం ఎక్కువగా ఉండే రోజులకు మాత్రలు రాశారు. అవి చాలకపోతే గర్భసంచిలో అమర్చే, హార్మోను విడుదల చేసే లూప్, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ వంటి మార్గాలు ఉన్నాయని కూడా చెప్పారు.

ఇక తిండి సంగతి. ఏది తింటే గడ్డ కరుగుతుందని అడిగితే, అలా కరిగిస్తుందని రుజువైన ఆహారం ఏదీ లేదని డాక్టరమ్మ సూటిగా చెప్పారు. ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా తినే స్త్రీలలో ఫైబ్రాయిడ్లు తక్కువగానూ, ఎర్ర మాంసం ఎక్కువగా తినేవారిలో ఎక్కువగానూ కనిపించాయని ఇటలీలో జరిగిన ఒక పరిశీలన చెబుతున్నది గాని, అది ఉన్న గడ్డను తగ్గించే వైద్యం కాదు. శరీరంలోని కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది కనుక బరువు అదుపులో ఉంచుకోమన్నారు.

నాకు నిజంగా పనికివచ్చింది ఇనుము లెక్క. పక్కింటి ఒడియా పిన్ని రోజూ మాండియా జావు పంపేది. మనం చోడి (రాగి) అంబలి అనేది అదే. చోళ్లు తింటే రక్తం పడుతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. కాని వాటి అసలు బలం కాల్షియం. 100 గ్రాములలో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఇనుము ఉన్నా, ధాన్యంలోని ఫైటేట్లు అనే పదార్థాలు దానిని పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. చోళ్లను మొలకెత్తించినా, పిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చినా ఆ అడ్డు కొంత తగ్గుతుంది కనుక, మన పెద్దవాళ్లు కాచిన పులిసిన అంబలి, ఇప్పుడు మనం హడావిడిగా కాచుకునే జావ కంటే మేలైనదని నా అభిప్రాయం. కాల్షియం సైతం ఇనుముకు అడ్డే గనుక, అంబలి ఉదయం తాగి, ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనానికి ముందు నిమ్మరసం నీళ్లతో వేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

అన్నిటికంటే కష్టమైనది టీ మానడం. టిఫిను తిన్న వెంటనే టీ తాగకపోతే తెల్లవారినట్లే ఉండని ఊరు మాది; ఆ టీయే తిండిలోని ఇనుమును పట్టి ఉంచుతుంది. ఇప్పుడు తిన్న గంటన్నర తరువాతే తాగుతున్నాను. తోటకూర, మునగాకు, ఉలవల చారు వండినప్పుడు పైన నిమ్మకాయ పిండుతున్నాను. వారానికి రెండుసార్లు చేప, ఒకసారి కోడి లివరు తింటున్నాను. నువ్వులు వేడి చేస్తాయనీ, స్రావం పెంచుతాయనీ అమ్మ వద్దనేది. మానవలసిన కారణమేదీ లేదని డాక్టరమ్మ చెప్పాక నువ్వుల ఉండలు మళ్లీ తింటున్నాను.

క్యాలెండరులో ఏ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చానో రాసి పెట్టుకుంటున్నాను. గంటకొకటి చొప్పున తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. ఆరు నెలల తరువాత హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది, 12 దాటాలి గనుక ఐరన్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. స్కానింగులో గడ్డ అదే 4 సెంటీమీటర్లు ఉన్నది. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నాను.