కాలిపోఖ్రి దారిలో హాబ్రే

రెండు రోజులు అడవిలో తిరిగితే నాకు దక్కింది పెంటికల దర్శనమే. డార్జిలింగ్ దగ్గరి సింగలీలా నేషనల్ పార్కులో గైరీబాస్ దాటి కాలిపోఖ్రి వైపు ఎక్కుతుంటే, మా గైడ్ ఓ చెట్టు మొదట్లో ఉన్నట్టుండి చతికిలబడ్డాడు. నాచు మీద గుప్పెడు పెంటికలు. ఆకుపచ్చగా, రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. పుల్లతో ఒకటి విరిచి చూపించాడు. లోపలంతా వెదురాకు తునకలు, ఆకు ఈనెలతో సహా. "హాబ్రే" అన్నాడు. రెడ్ పాండాని నేపాలీలో అలాగే అంటారు. ఇది కాలకృత్యాలకి అలవాటైన చోటికే మళ్లీ మళ్లీ వస్తుందట. అందుకని ఆ చుట్టుపక్కలే కాపు వేద్దామన్నాడు.

నిజానికి ఈ జంతువుని నేను అప్పటికే డార్జిలింగ్ జూలో చూశాను. ఆ జూకి పెట్టిన పేరు మన హైదరాబాదులో పుట్టిన పద్మజా నాయుడు గారిది. ఆవిడ పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేశారు. అక్కడ పెంచిన స్వీటీ, మినీ అనే రెండు ఆడ పాండాల్ని 2003లో ఈ సింగలీలా అడవిలోనే వదిలారు. జూలో చూశాక ఇంత చలిలో కొండెక్కడం ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేదు.

మూడో రోజు పొద్దున ఎండ పడగానే గైడ్ నా భుజం తట్టి ఓ చెట్టు వైపు వేలు చూపించాడు. నాకు నాచు తప్ప ఏమీ కనపడలేదు. ఆ చెట్ల కొమ్మలకి ఎర్రటి గోధుమరంగు నాచు, తెల్లటి లైకెన్ పట్టి ఉంటాయి. దాని ఒంటి రంగులూ అవే. పైగా పొట్ట నలుపు కాబట్టి కింద నుంచి చూస్తే నీడలో కలిసిపోతుంది. చివరికి నాచు అనుకున్నదానికి చారలు కనిపించాయి. అది తోక!

కొమ్మ మీద బోర్లా పడుకుని, నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసి నిద్రపోతోంది. అరగంట గడిచినా కదల్లేదు. నాకు విసుగొచ్చింది. "దాజూ (నేపాలీలో అన్నా), దీనికి వేరే పనే లేదా?" అంటే గైడ్ నవ్వి, నిన్నటి పెంటికలు గుర్తుచేశాడు. పుట్టుక చూస్తే మాంసాహార జంతువుల వర్గం, పేగు పొట్టి. తినేదేమో వెదురాకు. అందులో ఒంటికి పట్టేది కొంచెమే, మిగతాదంతా అలాగే బయటికి పోతుంది. అందుకే పూటపూటా బోలెడు తినాలి, మిగతా టైమంతా ఒళ్లు కదపకుండా శక్తి దాచుకోవాలి. ఆ మాట విన్నాక విసుక్కోబుద్ధి కాలేదు.

అన్నట్టు, పాండా అనే పేరు ముందు దీనిదే. శాస్త్రవేత్తలు దీనికి 1825లో పేరు పెడితే, నలుపు తెలుపు పెద్ద పాండా సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1869లో. ఇది ఎలుగుబంటీ కాదు, రకూనూ కాదు. తన కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

ఇంతలో మా వెనకే వచ్చిన ఊరకుక్క ఒకటి మొరిగింది. గైడ్ రాయి విసిరి తరిమాడు. అంతవరకు శాంతంగా ఉన్న మనిషికి అంత కోపం వస్తుందనుకోలేదు. కుక్కలు వీటిని చంపేస్తాయి, కరవకపోయినా వాటి డిస్టెంపర్ జబ్బు అంటుకుంటే చాలట.

ఆ గోలకి పాండా లేచింది. ఫోన్ తీద్దును కదా, చలికి బ్యాటరీ చచ్చి ఊరుకుంది. ఇక కళ్లతోనే చూశాను. కాసేపు పిల్లిలా పాదం నాక్కుని, తల కిందికి పెట్టి మాను వెంబడి దిగడం మొదలుపెట్టింది. పిల్లికి ఇది చేతకాదు. దీనికి వెనక కాళ్ల చీలమండలు పూర్తిగా వెనక్కి తిరుగుతాయి. అరికాళ్లకి కూడా తెల్లటి బొచ్చు, మేజోళ్లు వేసుకున్నట్టు. కింద వెదురు పొదలో ఓ కొమ్మ వంచి, మణికట్టు ఎముక పెరిగి బొటనవేలిలా మారిన దానితో గట్టిగా పట్టుకుని, ఆకులు మాత్రమే ఏరి ఏరి నమిలింది. ఆ తర్వాత పొదలోకి దూరిపోయింది.

తిరిగొస్తూ నిన్నటి చెట్టు దగ్గర ఆగాం. పాతవాటి పక్కనే కొత్త కుప్ప, ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది.