కరెంటు వచ్చినా సర్వర్ దొరకలేదు: స్టాటిక్ ఐపీ, రూటర్, రెండు ఫైళ్లు

స్టాటిక్ ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కి మారకుండా ఉండే అడ్రస్) అంటే సర్వర్‌లో ఒక ఫైల్ తెరిచి నాలుగు అంకెలు రాసేస్తే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ అంకెల మీద హక్కు సర్వర్‌కి ఒక్కదానికే లేదు. అదే నెట్‌వర్క్‌లో అందరికీ అడ్రస్‌లు పంచే రూటర్ కూడా ఆ మాటకి ఒప్పుకోవాలి. పర్లాకిమిడిలో మా బావ నడిపే రక్తపరీక్షల ల్యాబ్‌లో ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఇలాంటి చిన్న సెటప్‌లు ఏ టౌన్‌కి వెళ్లినా కనిపిస్తాయి. వాటిని చూసుకునే వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ల్యాబ్ వెనక గదిలో ఒక చిన్న పీసీ, అందులో ఉబుంటు సర్వర్ 22.04. దాని అడ్రస్ 192.168.1.50. కౌంటర్‌లో రెండు విండోస్ కంప్యూటర్లు, లోపల సెల్ కౌంటర్, బయోకెమిస్ట్రీ ఎనలైజర్. మిషన్లు ఫలితాలను నేరుగా సర్వర్‌కి పంపిస్తాయి, కౌంటర్‌లో అమ్మాయి రిపోర్ట్ ప్రింట్ తీస్తుంది. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లే సర్వర్ కూడా పెట్టి వెళ్లారు. ఆ తర్వాత దాన్ని చూసుకోవడం నా పనయింది.

పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వడానికి కాశీనగర్ వైపు నుంచి, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పాతపట్నం నుంచి, మెళియాపుట్టి నుంచి జనం వస్తారు. ఒకసారి రక్తం ఇచ్చి, టిఫిన్ తిని, రెండు గంటలాగి మళ్లీ ఇస్తారు. అంతసేపూ హాల్లోనే కూర్చుంటారు. రిపోర్ట్ చేతికొస్తే అదే పూట డాక్టర్‌కి చూపించుకుని ఇంటికెళ్లొచ్చు. అది గంట ఆలస్యమైతే ఓపీ అయిపోతుంది, మర్నాడు మళ్లీ బస్సెక్కాలి. కూలి పని మానుకుని వచ్చిన మనిషికి అదెంత నష్టమో నాకు తెలుసు. అందుకే ఆ సర్వర్ ఆగిందంటే నాకు టెన్షన్.

"ఒరే, కరెంటు వచ్చి అరగంటయింది. ఒక కంప్యూటర్‌లో వస్తంది, పక్కదాంట్లో రావట్లేదు. ఓపాలి వచ్చి చూడు" అని బావ ఫోన్ చేశాడు. ఇది అప్పుడప్పుడూ జరుగుతూనే ఉందట. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమంటారట. మధ్యాహ్నానికి దానంతటదే బాగైపోతుందట.

ఈ మాటల్లోనే సగం జవాబు ఉంది. సర్వర్ చచ్చిపోతే రెండింట్లోనూ రాకూడదు. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రావట్లేదంటే ఆ రెండు కంప్యూటర్లూ రెండు వేర్వేరు చోట్లకి వెళ్తున్నాయన్నమాట.

సర్వర్‌కి మానిటర్, కీబోర్డ్ తగిలించి దానికి ఏ అడ్రస్‌లున్నాయో చూపే "ఐపీ -బీఆర్ ఏ" కమాండ్ ముందు కొట్టాను. ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డ్) ఈఎన్‌పీ3ఎస్0 అప్‌లో ఉంది, 192.168.1.50 ఉంది. దాని పక్కనే ఇంకో అడ్రస్ కూడా ఉంది, 192.168.1.137. దాని సంగతి తర్వాత చెప్తాను. గేట్‌వేకి, అంటే రూటర్‌కి, పింగ్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) వెళ్తోంది. అంటే కేబుల్, స్విచ్, కార్డ్ బాగానే ఉన్నాయి.

ఇక రిపోర్ట్‌లు రాని విండోస్ కంప్యూటర్ దగ్గర కూర్చుని 192.168.1.50కి పింగ్ కొట్టాను. జవాబులు చక్కగా వచ్చాయి! కానీ సాఫ్ట్‌వేర్ పేజీ మాత్రం తెరుచుకోదు. పింగ్ వస్తోంది కదా, నెట్‌వర్క్ బాగానే ఉంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అని చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పింగ్‌కి ఎవరో జవాబిచ్చారని మాత్రమే తెలిసింది. ఆ ఎవరో మన సర్వరేనా?

"ఏఆర్‌పీ -ఏ" అని కొడితే ఏ ఐపీ వెనక ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ సొంత నంబర్) ఉందో విండోస్ చూపిస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ కొట్టి పక్కపక్కన కాగితం మీద రాసుకున్నాను. ఐపీ ఒకటే, మ్యాక్‌లు వేరు. పనిచేసే కంప్యూటర్‌లో ఉన్నది సర్వర్ కార్డ్ మ్యాక్. పనిచేయని దాంట్లో ఉన్నది ఎవరిదో. దాని రెండో అక్షరం ఇంగ్లిష్ "A". హెక్స్‌లో రాసిన మ్యాక్‌లో రెండో స్థానంలో 2, 6, A, E వీటిలో ఏదుంటే అది కంపెనీ ఇచ్చిన అసలు నంబర్ కాదు, పరికరం సొంతంగా పెట్టుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో ఇలాంటి మారు మ్యాక్ వాడతాయి. అంటే మన సర్వర్ అడ్రస్ హాల్లో ఎవరి జేబులోనో ఉందన్నమాట.

నా లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి ఆర్పింగ్‌తో (ఈ ఐపీ ఎవరిదని నెట్‌వర్క్‌లో అడిగే కమాండ్) ఖాయం చేసుకున్నాను. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. మామూలుగా ఆర్పింగ్ మొదటి ప్రశ్న అందరినీ అడుగుతుంది, ఒకరు పలికితే ఆ తర్వాత వాళ్లనే అడుగుతుంది. రెండో వాడు దాక్కుండిపోతాడు. అందుకని "-బి" ఆప్షన్ ఇవ్వాలి, అప్పుడు ప్రతిసారీ అందరినీ అడుగుతుంది. ఇచ్చి చూస్తే ఒకే ఐపీకి ఇద్దరి నుంచీ జవాబులు వచ్చాయి.

ఇది ఎలా జరిగిందో తెలియకపోతే మళ్లీ జరుగుతుంది. కాబట్టి దీని మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. రూటర్ ఇన్వర్టర్ మీద ఉంది. సర్వర్‌కి యూపీఎస్ ఉంది కానీ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోగానే రూటర్ నడుస్తూనే ఉంటుంది, సర్వర్ ఆగిపోతుంది. హాల్లో వైఫై పాస్‌వర్డ్ గోడకి అంటించి ఉంది. ఆ కాసేపట్లో ఎవరో కొత్తగా వచ్చి ఫోన్ కలుపుతారు. రూటర్ డీహెచ్‌సీపీ పూల్ (అడిగినవాళ్లకి రూటర్ తనంతట తాను పంచే అడ్రస్‌ల వరస) 192.168.1.2 నుంచి 254 దాకా తెరిచి ఉంది. 50 కూడా అందులోనిదే. కొత్త అడ్రస్ ఇచ్చేముందు ఎవరైనా వాడుతున్నారేమో పింగ్ కొట్టి చూసుకోమని డీహెచ్‌సీపీ నియమాలు రాసిన 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2131 పత్రం రూటర్‌కి చెప్తుంది. చూసినా అప్పుడు మన సర్వర్ పలకదు, ఆగిపోయి ఉంది కదా. తీసుకునే ఫోన్ విచారించుకున్నా అంతే. కరెంటు వచ్చాక సర్వర్ లేస్తుంది. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూసే నెట్‌ప్లాన్ వెనక పనిచేసే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ, మనం చేత్తో రాసిన ఐపీవీ4 అడ్రస్ ఇంకెవరి దగ్గరైనా ఉందా అని మామూలుగా అడగదు. రాసి ఉంది కాబట్టి పెట్టేసుకుంటుంది. ఆ ఫోన్ మనిషి రిపోర్ట్ తీసుకుని ఇంటికెళ్లిపోతే గొడవ సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి బాగైపోవడంలో మర్మం ఇదీ.

కాంప్లెక్స్‌లో బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం. రిజర్వేషన్ బస్సైతే కండక్టర్ చార్ట్‌లో ఆ సీటు ఇంకొకరి పేరున రాసి ఉండొచ్చు. సర్వర్‌లో రాసిన స్టాటిక్ ఐపీ తువ్వాలు మాత్రమే, చార్ట్ రూటర్ దగ్గరుంది.

బావ వెంటనే, "అయితే సర్వర్ నంబర్ మార్చీ" అన్నాడు. అలా మార్చలేం. ఎనలైజర్ స్క్రీన్‌లో సర్వర్ అడ్రస్ 192.168.1.50 అని ఉంది, అది మార్చాలంటే సర్వీస్ పాస్‌వర్డ్ కావాలి. ఆ ఇంజనీర్ విశాఖపట్నం నుంచి రావాలి. అందుకని సర్వర్‌ని కదపకుండా పూల్‌నే జరిపాను. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ మొదలు 192.168.1.100, చివర 192.168.1.200. రూటర్‌ని రీస్టార్ట్ చేస్తే ఫోన్లన్నీ మళ్లీ అడ్రస్ అడిగాయి, కొత్త పూల్‌లోంచి తీసుకున్నాయి. 50 ఖాళీ అయింది. విండోస్ కంప్యూటర్‌లో పాత మ్యాక్ గుర్తుండిపోకుండా "ఏఆర్‌పీ -డి *" కొట్టాను. పెండింగ్‌లో ఉన్న రిపోర్ట్‌లు ప్రింట్ అవడం మొదలైంది.

రూటర్‌లో మ్యాక్‌కి అడ్రస్ రిజర్వ్ చేసే పద్ధతి కూడా ఉంది. చాలామంది అదే మంచిదంటారు. మన ఊళ్లలో నేను దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడను. బ్రాడ్‌బ్యాండ్ లైన్ చెడితే మనిషి వచ్చి రూటర్ మార్చేసి వెళ్తాడు, రిజర్వేషన్లన్నీ పాత డబ్బాతో పోతాయి. సర్వర్‌లో రాసుకున్న అడ్రస్ సర్వర్‌లోనే ఉంటుంది. పూల్ బయట స్టాటిక్ పెట్టుకుని, పూల్ హద్దులు గోడ మీద రాసి ఉంచడం నాకు నమ్మకం.

ఇక ఆ 137 సంగతి. సర్వర్‌లో సెట్టింగ్‌లుండే ఈటీసీ ఫోల్డర్ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో రెండు యామల్ ఫైళ్లు (సెట్టింగ్‌లు రాసే ఫైళ్లు) ఉన్నాయి. 00తో మొదలయ్యేది ఉబుంటు ఇన్‌స్టాల్ చేసినప్పుడు పుట్టింది, అందులో డీహెచ్‌సీపీ4 ట్రూ (అడ్రస్ రూటర్‌నే అడుగు) అని ఉంది. 99తో మొదలయ్యేది సాఫ్ట్‌వేర్ వాళ్లు రాసింది, అందులో 50 అడ్రస్ ఉంది. తర్వాతి ఫైల్ మొదటిదాన్ని పూర్తిగా తుడిచేస్తుందని అనుకుంటారు, కానీ నెట్‌ప్లాన్ పేర్ల వరసలో అన్నీ చదివి కలిపేస్తుంది. రెండోదాంట్లో డీహెచ్‌సీపీ మాట ఎత్తలేదు కాబట్టి మొదటిదాంట్లోని ట్రూ అలాగే నిలిచింది. అందుకే రెండు అడ్రస్‌లు, "ఐపీ రూట్"లో రెండు డిఫాల్ట్ దారులు. కంప్యూటర్లు సర్వర్‌ని వెతకడానికి ఇది అడ్డు కాదు గానీ, ఇలాంటివి వదిలేస్తే ఇంకో రోజు ఇంకో రూపంలో వస్తాయి. పాత ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లో దాచి, మిగిలినదాంట్లో డీహెచ్‌సీపీ4 ఫాల్స్ అని స్పష్టంగా రాశాను. అందులో గేట్‌వే4 అని పాత పద్ధతి ఉంది. 22.04లో అది పనిచేస్తుంది కానీ పాతబడిందని హెచ్చరిస్తుంది. దాన్ని తీసేసి రూట్స్ కింద టు డిఫాల్ట్, వయా 192.168.1.1 అని మార్చాను. అడ్రస్ చివర /24 (నెట్‌వర్క్ హద్దు చెప్పే భాగం) మర్చిపోతే నెట్‌ప్లాన్ ఒప్పుకోదు. యామల్‌లో ట్యాబ్ కొట్టకూడదు, స్పేస్‌లే.

డీహెచ్‌సీపీ తీసేయగానే పేర్లు పలకడం ఆగిపోయింది. 8.8.8.8కి పింగ్ వెళ్తుంది, వెబ్‌సైట్ పేరు కొడితే దొరకదు. పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్ వివరాలు ఇంతకాలం డీహెచ్‌సీపీతో పాటు వచ్చేవి. ఇప్పుడు నేమ్‌సర్వర్స్ మనమే రాయాలి, అది కూడా ఆ నెట్‌ప్లాన్ ఫైల్‌లోనే. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో చేత్తో రాస్తే నిలవదు.

ఏది మార్చినా "నెట్‌ప్లాన్ అప్లై" బదులు "నెట్‌ప్లాన్ ట్రై" కొట్టండి. 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కే వెళ్లిపోతుంది. ఎస్ఎస్‌హెచ్‌లో దూరం నుంచి పనిచేసేవాళ్లకి ఇది ప్రాణరక్షణ. అడ్రస్ మార్చే పనైతే నేను మాత్రం మానిటర్ తగిలించి ఎదురుగా కూర్చునే చేస్తాను.

పరీక్షించకుండా ఇలాంటి పని పూర్తయిందని చెప్పకూడదు. సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక సర్వర్ ప్లగ్ పీకేశాం. అది పడి ఉండగానే నా ఫోన్, బావ ఫోన్, కౌంటర్ అమ్మాయి ఫోన్ వైఫై మర్చిపోయేలా చేసి మళ్లీ కలిపాం. "భాయినా, నాకు 104 వచ్చింది" అని ఆ అమ్మాయి ఫోన్ చూపించింది. మాకూ వంద పైనే వచ్చాయి. సర్వర్ లేచాక రెండు కంప్యూటర్లలోనూ ఏఆర్‌పీ చూస్తే సర్వర్ మ్యాకే ఉంది. ఎనలైజర్ నుంచి ఒక కంట్రోల్ శాంపిల్ (మిషన్‌ని సరిచూడటానికి వాడేది) నడిపితే ఫలితం సర్వర్‌లో పడింది.

యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ బావ వెంటనే తెప్పించాడు. ఇంకో పని మిగిలింది. హాల్లో వైఫై, ల్యాబ్ మిషన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. అడ్రస్ గొడవ ఒకటే కాదు, అందులో జనం ఆరోగ్యం వివరాలున్నాయి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంది గానీ దాన్ని లోపలి మిషన్ల నుంచి నిజంగా వేరు చేస్తోందో లేదో చూడాలి. అందుకని ల్యాబ్‌కి సొంతంగా ఇంకో రూటర్ కొని మధ్యలో పెడదామని బావకి చెప్పాను. అప్పుడు లైన్ మనిషి బయటి డబ్బా ఎన్నిసార్లు మార్చినా లోపల 192.168.1.50 కదలదు. బయటి రూటర్ కూడా 192.168.1తోనే మొదలైతే రెండూ గుద్దుకుంటాయి కాబట్టి దాన్ని 192.168.10కి మార్చాలి. ఈ ఆదివారం ఆ పని పెట్టుకున్నాం.