సేల్ డీడ్ మీద ఎవరి పేరుంటే వాళ్ళే రండి అన్నాను

నిన్న సాయంత్రం లిఫ్ట్ కంపెనీ మనిషికి చెక్కు ఇచ్చాం. నాలుగేళ్ళుగా స్తంభించిపోయిన మా అసోసియేషన్ ఖాతాలోంచి బయటికొచ్చిన మొదటి చెక్కు అది. ఆ సంతోషం మీదే ఇది రాసేస్తున్నాను. మాలాగే ఇరుక్కుపోయిన అపార్ట్‌మెంట్లు హైదరాబాద్‌లో మా నిజాంపేటలోనే ఎన్నో ఉన్నాయని ఈ ఎనిమిది నెలల తిరుగుడులో తెలిసింది.

మాది 42 ఫ్లాట్లు. 2001 సొసైటీల చట్టం కింద 2011లో అసోసియేషన్ రిజిస్టర్ చేయించారు. చెక్కు మీద ఇద్దరు సంతకం చేయాలి. ప్రెసిడెంట్ గారు కాలం చేశారు. ట్రెజరర్ గారు డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఖాతాలో ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు ఉన్నాయి, రూపాయి తీసే దారి లేదు. నెలనెలా మెయింటెనెన్స్ ఒకాయన సొంత ఫోన్‌పేకి వెళ్ళేది. ఎండాకాలం వస్తే ట్యాంకర్ల డబ్బు కోసం వాచ్‌మన్ గడప గడపా తిరిగేవాడు. జనవరిలో లిఫ్ట్ ఆగింది. అయిదో అంతస్తులో మోకాళ్ళ ఆపరేషన్ అయిన పెద్దావిడ రెండు నెలలు కిందికి దిగలేదు. అది చూశాక ఇక కూర్చోలేకపోయాను.

బ్యాంకుకెళ్తే ఏం కావాలో ఒక కాగితం మీద రాసిచ్చారు: జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) మినిట్స్, తీర్మానం, రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర పడ్డ కొత్త కమిటీ జాబితా, బైలాలు (అసోసియేషన్ సొంత నియమాలు), పాన్, సంతకాలు చేసేవాళ్ళ ఆధార్. రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్తే జనరల్ బాడీ అయిన 15 రోజుల్లోపు కమిటీ జాబితా దాఖలు చేయాలి, మీరు నాలుగేళ్ళుగా చేయలేదు అన్నారు. ఎటు తిరిగినా జనరల్ బాడీ దగ్గరికే వచ్చి ఆగాం. మా బైలా ప్రకారం మీటింగు చెల్లాలంటే (దాన్నే కోరం అంటారు) సగం మంది సభ్యులు, అంటే 21 మంది రావాలి. వాయిదా పడ్డ మీటింగుకి కోరం అక్కర్లేదనే వాక్యం చాలా బైలాల్లో ఉంటుంది. మా దాంట్లో లేదు. రిజిస్టర్ చేయించేటప్పుడే ఆ వాక్యం రాయించుకోండి.

మొదటి మీటింగు ఆదివారం పొద్దున పదింటికి సెల్లార్‌లో పెట్టాను. తొమ్మిది మంది వచ్చారు, అందరూ మగవాళ్ళే. నేను కుర్చీలో కూర్చోబోతుంటే ఒకాయన "సార్ రాలేదా మేడమ్?" అన్నారు. ఫ్లాట్ నా పేరు మీదే ఉందండీ అన్నాను. "ఆడవాళ్ళ పేరు కాగితం వరకేలెండి, మాట్లాడేది ఉంటే సార్‌ని పంపండి" అన్నారు. కొందరు నవ్వారు. ఇంకొకాయన, డబ్బు ఖాతాలో పడి ఉందని తెలిసి తయారయ్యారని, నాకు వినపడేలాగే పక్కవాళ్ళతో అన్నారు. ఆ ఫ్లాట్ లోన్ పద్నాలుగేళ్ళు నా జీతంలోంచి కట్టాను. ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నాను, ఇంతవరకు ఒక్క మార్కు కూడా తప్పుగా కూడలేదని పేరుంది. ఆ సెల్లార్‌లో, వాచ్‌మన్ ముందర, నోట మాట రాలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన ఈసారి నేను వెళ్తాలే అన్నారు. వద్దన్నాను. ఆయన వెళ్తే వాళ్ళ మాటే నిజమవుతుంది.

రెండో మీటింగుకి ఏడుగురే వచ్చారు.

అప్పుడు పాత సెక్రటరీ గారి భార్య దగ్గరికెళ్ళి, అటక మీది ట్రంకు పెట్టె దింపించి సభ్యుల రిజిస్టర్ తీశాను. మధ్యలో ఏడు ఫ్లాట్లు చేతులు మారాయి. వాటికి ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీసి ఇప్పటి ఓనర్ల పేర్లు సరిచూశాను. రాత్రి పన్నెండు దాకా కూర్చుని లెక్కేస్తే 42లో 26 ఫ్లాట్లు ఆడవాళ్ళ పేరు మీదే ఉన్నాయి. అయిదు ఇద్దరి పేర్ల మీద, పదకొండు మగవాళ్ళ పేరు మీద. మా బైలా ప్రకారం సభ్యత్వం సేల్ డీడ్‌లో పేరున్నవాళ్ళకే. మొదటి మీటింగుకి వచ్చిన ఆ తొమ్మిది మందిలో సభ్యులు ముగ్గురే. సార్‌ని పంపమన్నాయన సభ్యుడే కాదు, ఆ ఫ్లాట్ ఆయన భార్యది!

ఇన్నేళ్ళూ కోరం ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. అసలు సభ్యుల్ని ఎవరూ పిలవలేదు.

మర్నాటి నుంచి రిజిస్టర్ చంకన పెట్టుకుని తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ అదే జవాబు, "ఆయన ఇంట్లో లేరండీ" అని. "మీతోనే పనమ్మా, సభ్యులు మీరే" అని పేజీ తెరిచి పేరు చూపించేదాన్ని. 304లో ఒకావిడ చేతులు కొంగుకి తుడుచుకుని తన పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. "పదమూడేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా అక్కా, ఒక్క నోటీసూ నా పేరున రాలేదు" అంది. సంపు ఎన్ని గంటలకి నిండుతుందో, మోటరు ఏ రోజు కాలిందో, ఏ ట్యాంకరు తక్కువ పోసిందో ఆవిడకి తారీఖులతో సహా తెలుసు. అద్దెకున్నవాళ్ళనూ పిలిచాను. వాళ్ళకి ఓటు ఉండదు, కానీ నీళ్ళు రాకపోతే ముందు తెలిసేది వాళ్ళకే. అద్దెవాళ్ళకి నోరెందుకు అనే ఓనర్లంటే నాకు ఇప్పటికీ మంటే.

నోటీసు ప్రతి ఫ్లాట్‌కీ ఓనరు పేరున విడిగా రాసి, చేతికిచ్చి సంతకం తీసుకున్నాను. ఆదివారం పదింటికి వంటింట్లో మటన్ కూరో, పిల్లల తలంట్లో ఉంటాయి. అందుకని శనివారం సాయంత్రం అయిదింటికి, టెర్రస్ మీద, టీ పెట్టించి పిలిచాను. మా మీద వేరే ఆయుధం కూడా ప్రయోగించారు: ఖాతా తెరిస్తే జీఎస్టీ వాళ్ళు వస్తారు, సంతకం పెట్టినవాళ్ళు ఇరుక్కుంటారు అని ప్రచారం. ఒక్కో సభ్యుడికి నెలకి 7,500 రూపాయలు దాటితేనే మెయింటెనెన్స్ మీద జీఎస్టీ ప్రశ్న వస్తుంది, మనది 2,500 అని ఇంటింటికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ శనివారం 29 మంది సభ్యులు వచ్చారు. సార్‌ని పంపమన్నాయన భార్య తరఫున సంతకం పెడతానన్నారు. భార్య రాసిచ్చిన లెటర్ ఉంటే పెట్టండి సార్, బైలా అదే చెప్తోంది అన్నాను. ఆయన ఫోన్ చేస్తే ఆవిడే పైకొచ్చింది, తన పేరు ఎదురుగా తానే సంతకం పెట్టి, కిందికి వెళ్ళకుండా మీటింగు అయ్యేదాకా కూర్చుంది.

మీటింగు సాఫీగా సాగిందని చెప్పను. మెయింటెనెన్స్ అందరికీ సమానమా, చదరపు అడుగుల లెక్కనా అని గంటన్నర అరుచుకున్నారు. మూడు బెడ్‌రూములవాళ్ళు సమానమన్నారు, రెండు బెడ్‌రూములవాళ్ళు అడుగులన్నారు. చివరికి వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ సమానంగా, నీళ్ళు మనుషుల లెక్కన అని 304 ఆవిడ చెప్పిన దారికే అందరూ వచ్చారు. ప్రతి నెలా అయిదో తారీఖున జమా ఖర్చులు లిఫ్ట్ పక్కన బోర్డు మీద పెట్టాలన్నది నా షరతు. దానికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

జాబితా పదో రోజున దాఖలు చేశాం. ఆలస్యానికి కట్టమన్నది కట్టాం. బ్యాంకులో మూడుసార్లు తిప్పారు, ఒకసారి మినిట్స్ మీద ముద్ర లేదని, ఒకసారి ఫొటో పాతదని. మూడోసారి సంతకాల కార్డు మా ఆయన వైపు జరిపితే, నేనే నా వైపు లాక్కున్నాను. మీటింగు సంతకాల పేజీ మూడు జిరాక్స్‌లు తీసి పెట్టుకోండి, ఒరిజినల్ మాత్రం ఏ కౌంటర్లోనూ వదలొద్దు.

ఇప్పుడు ప్రెసిడెంట్ నేను, ట్రెజరర్ 304 ఆవిడ. నిన్న చెక్కు మీద తన సంతకం ముందు చిత్తు కాగితం మీద నాలుగుసార్లు పెట్టి చూసుకుని, తర్వాత పెట్టింది. గురువారం లిఫ్ట్ మోటరు మారుస్తారట. అయిదో అంతస్తు పెద్దావిడ అప్పుడే చెప్పుల కొత్త జత తెప్పించుకుంది.