దుబాయ్ విల్లాలో కొర్రమీను

మా నరసన్నపేట వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చేవాళ్లలో వెల్డర్లు, ఫిట్టర్లు చాలామంది. నేను మాత్రం హౌస్ డ్రైవర్‌గా వచ్చాను. పిల్లల్ని బడికి దింపడం, సరుకులు తేవడం, బండి కడగడం నా పని. ఇంటి యజమానిని ఇక్కడ మేం బాబా అంటాం. మా బాబాకి చేపలంటే ప్రాణం. హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అద్దాల తొట్టె ఉంది. అంచుదాకా నింపితే దాదాపు 680 లీటర్లు పడుతుంది. అందులో ఉన్నది ఒక్కటే చేప, మన చెరువుల్లో దొరికే కొర్రమీను. మా ఇంట్లో అమ్మ పులుసు పెట్టే చేపకి ఇక్కడ ఏసీ, లైట్లు!

ఒకరోజు బాబా కంగారుగా పిలిచాడు. చేప మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తోంది, ఊపిరాడడం లేదేమోనని ఆయన టెన్షన్. నేను అద్దం దగ్గర నిలబడి చూశాను. అది నిదానంగా పైకి లేచింది, మూతి నీళ్లు దాటగానే ఒక్క గుక్క గాలి మింగింది, రెండు బుడగలు వదిలి మళ్లీ అడుక్కి జారిపోయింది. ఎండాకాలం చెరువు గట్టున కూర్చున్నవాడికెవడికైనా తెలిసిన సంగతే ఇది. కొర్రమీనుకి మొప్పలొక్కటే చాలవు. వాటి పైన, తలలో, గాలి పీల్చుకోవడానికి వేరే అర ఉంటుంది. నీళ్లు ఇంకిపోయిన బురదలో కూడా బతకగలిగేది అందుకే. పైకి రానివ్వకపోతేనే అది ఊపిరాడక చస్తుంది. నాకొచ్చిన హిందీలో, అరబీ ముక్కల్లో ఇదంతా చెప్పాను. నీళ్లు ఇంకాస్త తగ్గించి, పైన గాలికి చోటు వదిలి, ఎగిరి దూకకుండా మూత మీద బరువు పెట్టాను. ఆ రోజు నుంచి తొట్టె బాధ్యత నాదయింది.

మిగతా పని ఇక్కడే నేర్చుకున్నాను. మాంసం తినే పెద్ద చేప నీళ్లని త్వరగా పాడుచేస్తుంది. దాని వ్యర్థంలోంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపకి విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను.

అసలు కష్టం జూలై, ఆగస్టుల్లో. దుబాయ్ కుళాయిల్లో వచ్చేది సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసిన నీళ్లు. డాబా మీద ట్యాంకు కాగిపోయి, చన్నీళ్ల కుళాయి తిప్పినా చెయ్యి చురుక్కుమంటుంది. అందుకని ముందురోజు రాత్రే డ్రమ్ముల్లో పట్టి, క్లోరిన్ విరిచే మందు కలిపి, ఏసీ గదిలో ఉంచుతాను. మర్నాడు తొట్టెలోంచి పావువంతు తీసి అంతే పోస్తాను. వారం వారం ఇదే పని. డ్యూటీ అయ్యాక ఒళ్లు అలిసిపోయి ఉన్నా ఈ పని మాత్రం ఇష్టంగా చేస్తాను.

వానాకాలంలో మా చెరువులో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి పైకి తేలేవి. కింద తల్లీతండ్రీ కాపలా కాసేవి. ఆ టైములో గాలం వేస్తే పెద్ద చేప మీదికొచ్చి పడుతుంది. అలా పట్టడం తప్పని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. కాపలా పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.

మొన్న శ్రీకాకుళం నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఆస్కార్ చేప కొన్నాను. రెండంగుళాలే ఉంది. ఏటెయ్యమంటావు?" అడుగు దాకా పెరిగే చేపరా అది, ముందు తొట్టె పెద్దది చూడు అన్నాను. బతికున్న గోల్డ్‌ఫిష్‌లు మేతగా వెయ్యొద్దన్నాను. వాటితో రోగాలు రావచ్చు. పైగా వాటిలో బి1 విటమిన్‌ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. పెంచలేకపోతే షాపుకే తిరిగివ్వాలి గానీ నాగావళిలో వదలకూడదని రెండుసార్లు చెప్పాను. తొట్టెల నుంచి వచ్చిన దెయ్యం చేపలు, అంటే అద్దానికి అతుక్కునే సక్కర్ చేపలు, మన రాష్ట్రం చెరువుల్లో చేరి వలలు చింపుతున్నది చాలు.

వాడికి తట్టనిది కరెంటు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కొర్రమీనయితే గాలి పీల్చి నెట్టుకొస్తుంది, ఆస్కార్‌కి ఆ వీలు లేదు. పంపు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే మేత ఆపెయ్యమన్నాను. పెద్ద చేప కొన్నాళ్లు తినకపోయినా తట్టుకుంటుంది, తింటేనే నీళ్లు పాడవుతాయి. కరెంటు పోతే చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ ఉండమన్నాను. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇక్కడ కొని పెట్టాను, సెలవుకి వచ్చేటప్పుడు తెస్తాను.