పాత మియాటాతో లగూనా సెకా దాకా: నా అనుభవం

స్పోర్ట్స్ కారు కొన్నానని చెప్పగానే కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్ళు మొదట అడిగేది "హార్స్‌పవర్ ఎంత?" అని. నాది 2000 మోడల్ మాజ్దా మియాటా, గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల బండి. దాన్ని కొని, బాగుచేసుకుని, లగూనా సెకా అనే రేస్ ట్రాక్ మీద నడిపిన కథ ఇది. 1.8 లీటర్ల ఇంజిన్, 140 హార్స్‌పవర్. ఇవాళ్టి మామూలు ఫ్యామిలీ సెడాన్లకు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా ఏరికోరి ఇదే కొన్నాను. బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన, పవర్ వెనక చక్రాలకు, చేత్తో వేసే ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు చేతులు పట్టుకునే అమరిక). పైగా మా గరాజ్‌లో నేనే విప్పి బిగించుకోగల బండి. గుంటూరు నుంచి నాన్న మాత్రం "రెండు సీట్ల కారేంట్రా, మేం వస్తే ఎక్కడ కూర్చోవాలి?" అన్నారు. మీకోసం ఇంట్లో పెద్ద కారు ఉండనే ఉంది నాన్నా అని నచ్చజెప్పాను.

పాత మియాటా కొనేవాళ్ళు ఇంజిన్ కంటే ముందు తుప్పు చూడాలి. గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి అవి పూడుకుపోతే నీళ్ళు సిల్‌లోకి, అంటే తలుపు కింద ఉండే బోలు ఇనప భాగంలోకి చేరి, దాన్ని లోపలి నుంచి తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను చూసిన ప్రతి బండికీ వెనక చక్రం ముందు భాగంలో సిల్‌ని వేలితో నొక్కి చూశాను. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్ల జోలికి అసలు పోలేదు.

నాకు నచ్చిన బండికి పాత ఓనరు బయట కొన్న ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టం) బిగించి ఉంచాడు. కాలిఫోర్నియాలో ఇదే అసలు మెలిక. గాలి లోపలికి వెళ్ళే దారిలో గానీ, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ దాకా ఉన్న ఎగ్జాస్ట్‌లో గానీ ఏ భాగం మార్చినా దానికి రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఈఓ నంబర్, అంటే ఆమోదం నంబర్ ఉండాలి. స్మాగ్ టెస్ట్‌లో, అంటే బండి కాలుష్య పరీక్షలో ఆ నంబర్ కళ్ళతో చూస్తారు. లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే. ఆ ఇన్‌టేక్ మీద నంబర్ లేదు. ఇక్కడ ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకం జరిగితే, 90 రోజుల్లోపు తీసిన స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. అందుకని కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి బిగించి, టెస్ట్ పాస్ చేయించిన తర్వాతే డబ్బులిస్తానన్నాను. ఆయన పాత బాక్స్ దాచి ఉంచాడు కాబట్టి సరిపోయింది. ఎవరైనా పాత భాగాలు పారేశామంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి.

ఇంటికి తెచ్చాక మొదటి పనులన్నీ ఎవరికీ కనిపించనివే. రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంక్ నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగింది. ఆ రంగు వచ్చిందంటే పగిలే రోజు దగ్గరపడినట్టే. అల్యూమినియం రేడియేటర్, కొత్త హోస్‌లు, థర్మోస్టాట్ వేశాను. ఈ ఇంజిన్ ముందు చక్రాలకు పవర్ వెళ్ళే బండి కోసం, అడ్డంగా పెట్టడానికి పుట్టింది. మియాటాలో నిలువుగా తిప్పినప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) బయటికి వచ్చే దారిని కూడా ముందుకే తెచ్చారు. దాంతో వెనక సిలిండర్లకు చల్లదనం కాస్త తక్కువ. ఆ దారిని మళ్ళీ వెనక్కి మార్చే కిట్లు దొరుకుతాయి. పవర్ పెంచడానికి టర్బో పెట్టేవాళ్ళకు అది తప్పనిసరి అనుకుంటాను. నా బండికి మంచి రేడియేటర్ చాలు, ఆ డబ్బు బ్రేకులకు పెట్టాను.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువే చెప్తాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఫ్లూయిడ్‌లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అదే తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. రేస్ ట్రాక్ మీద వరసగా గట్టిగా బ్రేకులు కొడుతుంటే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఫ్లూయిడ్ మరిగితే బుడగలు వస్తాయి, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. పాత ఫ్లూయిడ్ తీసే రోజు మా ఆవిడ డ్రైవర్ సీట్లో, నేను చక్రం పక్కన కింద. పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టాం. "నొక్కు... పట్టుకో..." అంటూ నేను చక్రం దగ్గర ఫ్లూయిడ్ బయటికి వదిలే నిపిల్ వదులు చేస్తే సన్న గొట్టంలోంచి టీ డికాక్షన్ రంగులో ఫ్లూయిడ్ వచ్చింది. నిపిల్ బిగించాకే "వదులు" అనాలి, లేకపోతే గాలి లోపలికి లాగుతుంది. "ఇంకా ఎంతసేపండీ, కాలు లాగేస్తోంది" అంటూనే రంగు తేటపడేదాకా తొక్కింది. దాంతోపాటు వేడిని తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు వేశాను. డిస్క్‌లు, క్యాలిపర్లు కంపెనీవే. ఇంత తేలికైన బండికి అవి చాలు.

తర్వాత టైర్లు. కంపెనీ సైజే, 195/50 ఆర్ 15, ట్రెడ్‌వేర్ 200 రకం, అంటే త్వరగా అరిగినా రోడ్డును బాగా పట్టుకునేవి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు డ్రైవర్ సీట్లో నా అంత బరువు పెట్టించి, ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీల నెగెటివ్ క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వంగి ఉండటం) అడిగాను. బండి స్వభావం మారిపోయింది. ఇక్కడ పెట్టిన డాలరుకు వచ్చిన తేడా ఇంజిన్ మీద పెట్టినా రాదని నా గట్టి నమ్మకం.

మామూలు జనం సొంత బండ్లు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజును ట్రాక్ రోజు అంటారు. గట్టి టాప్ లేని బండికి, ఆ ట్రాక్ రోజు నిర్వహించేవాళ్ళు రోల్ బార్ (బోల్తా పడితే తలను కాపాడే, సీట్ల వెనక ఉండే కమ్మీ) అడుగుతారు. చీపురు కర్ర పరీక్ష అని ఒకటుంది. రోల్ బార్ పై నుంచి విండ్‌షీల్డ్ ఫ్రేమ్ పై అంచుకు కర్ర ఆనిస్తే, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి తల దాని కిందే ఉండాలి. నా తల తగలలేదు. బార్‌కి దట్టమైన ప్యాడింగ్ తప్పక వేయించాలి, రోడ్డు మీద హెల్మెట్ ఉండదు కదా.

మధ్యలో స్మాగ్ గడువు వచ్చింది. మియాటా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. పనుల కోసం దాన్ని తీసినప్పుడు కంప్యూటర్‌లోని రెడీనెస్ మానిటర్లన్నీ, అంటే బండి నడుస్తుండగా కాలుష్య భాగాలను అది తనకు తాను పరీక్షించుకున్న ఫలితాలన్నీ చెరిగిపోయాయి. 2000, ఆ తర్వాతి పెట్రోల్ బండ్లకు ఇవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసే భాగం) పరీక్ష ఒక్కటి మిగిలి ఉన్నా ఒప్పుకుంటారు, మిగతావన్నీ పూర్తయి ఉండాలి. వాటిని మళ్ళీ పూర్తి చేయించడానికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, కాసేపు ఐడిల్‌లో ఉంచి, 880 హైవే మీద ఒకే వేగంతో వెళ్ళి, బ్రేక్ వేయకుండా వేగం తగ్గనిచ్చి, మళ్ళీ మళ్ళీ అదే. చవక స్కానర్‌తో అన్నీ పూర్తయ్యాయని చూసుకున్నాకే స్టేషన్‌కి వెళ్ళాను. పాసైంది.

ఇక లగూనా సెకా. మాంటెరే దగ్గరి కొండల్లో 2.238 మైళ్ళ ట్రాక్. చాలా ట్రాక్ రోజుల్లో 90 డెసిబెల్స్ శబ్ద పరిమితి ఉంటుంది, దాటితే బండిని లోపలికి పిలుస్తారు. కంపెనీ మఫ్లర్ ఉన్న నాకు ఆ బెంగే లేదు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావరకు ట్రాక్ నష్టాలకు వర్తించవు, అందుకే ఆ రోజుకు విడిగా తీసుకున్నాను. కొత్తవాళ్ళ గ్రూపులో పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. కార్క్‌స్క్రూ అనే మలుపు దగ్గర రోడ్డు 59 అడుగులు కిందికి జారుతుంది, పై నుంచి ఏమీ కనిపించదు. "రోడ్డు కోసం వెతకొద్దు, ఎదురుగా ఉన్న ఆ చెట్టు వైపు తిప్పు" అన్నాడాయన. తిప్పాను. కడుపులో ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది, టైర్లు మళ్ళీ నేలను పట్టుకున్నాయి, బండి తిన్నగా దిగింది. పెద్ద పవర్ బండ్లు స్ట్రెయిట్‌లో నన్ను దాటిపోయేవి. రెండో మలుపుకు బ్రేక్ కొట్టే చోట మళ్ళీ వాటి వెనకే ఉండేవాణ్ణి. రోజంతా బ్రేక్ పెడల్ గట్టితనం మారలేదు.

సాయంత్రం వీల్ నట్లు 80 ఫుట్ పౌండ్లకు మళ్ళీ బిగించి, ప్యాడ్ల మందం చూసుకుని, అదే బండిలో ఫ్రీమాంట్‌లోని ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పుడు వెనక షాక్ అబ్జార్బర్ ఒకటి నూనె కారుతోంది. వచ్చే నెల నాలుగూ మార్చి, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ కూడా అప్పుడే వేసేస్తాను. ఇంజిన్‌కి పవర్ పెంచే ఆలోచన ఇప్పటికీ లేదు.