నా కారు స్పీడోమీటరును సరిచేసుకున్న తీరు

బ్రిటన్‌లో విడిభాగాలు సమకూర్చుకుని ఇంటి దగ్గర కట్టుకున్న కారు రోడ్డెక్కాలంటే ముందుగా ఐ.వి.ఎ. అనే ప్రభుత్వ పరీక్షలో నెగ్గాలి. లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాలో నేను కట్టుకున్న రెండు సీట్ల కారుకు ఆ పరీక్ష దగ్గర పడినప్పుడు, బ్రేకుల కంటే, దీపాల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్పీడోమీటరు. అది ఏ వేగం దగ్గరైనా అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు గాని, గంటకు 25 నుండి 70 మైళ్ల మధ్య ఆ ఎక్కువ, అసలు వేగంలో పదో వంతుకు 6.25 మైళ్లు కలిపినదానికి మించకూడదు. అంటే కారు 60 మైళ్ల వేగంతో, మన లెక్కలో సుమారు 97 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, తెర మీద 60 నుండి 72.25 వరకు ఏ అంకె కనిపించినా చెల్లుతుంది.

నేను అమర్చిన డిజిటల్ మీటరు రెండే సంఖ్యలు అడుగుతుంది: చక్రం ఒక్కసారి తిరిగితే సెన్సారు నుండి ఎన్ని పల్సులు, అంటే విద్యుత్ సంకేతాలు, వస్తాయి, ఆ ఒక్క చుట్టులో కారు ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు వెళ్తుంది. నా కారులో ఫోర్డ్ సియెర్రా కారుకు చెందిన డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఉంది. డ్రైవ్ షాఫ్టును దానికి బిగించే ఆరు బోల్టుల తలల ఎదుట ఇండక్టివ్ సెన్సారును నిలిపాను. ఈ రకం సెన్సారుకు అయస్కాంతం అవసరం లేదు, ఎదురుగా ఇనుము వస్తే చాలు. డిఫరెన్షియల్ దాటిన తరువాత షాఫ్టు, చక్రం ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి చుట్టుకు ఆరు పల్సులు.

రెండో సంఖ్య అంత తేలికగా దొరకలేదు. టైరు మీద 185/60 ఆర్13 అని ఉంది. 13 అంగుళాల రిమ్ము అంటే 330.2 మిల్లీమీటర్లు, టైరు ఎత్తు దాని వెడల్పు 185లో 60 శాతం, అంటే 111, రెండు వైపులా దాన్ని కలిపితే వ్యాసం 552.2, చుట్టుకొలత సుమారు 1735 మిల్లీమీటర్లు. అయితే కారు బరువు మీద పడగానే టైరు నేల దగ్గర అణుగుతుంది, కాబట్టి చుట్టుకు అది నడిచే దూరం ఈ లెక్క కంటే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కాగితం చెప్పదు, నేలనే అడగాలి. గాలి 18 పి.ఎస్.ఐ. ఉంచి, టైరు అడుగునా నేల మీదా సుద్దతో గీత గీసి, నేను డ్రైవరు సీటులో కూర్చోగా నా భార్య, మా అబ్బాయి ఖాళీగా ఉన్న చదునైన పార్కింగ్ స్థలంలో కారును నెమ్మదిగా తోశారు. పది చుట్లకు 16.80 మీటర్లు వచ్చింది. ఒకే చుట్టును కొలిస్తే గీత దగ్గర జరిగే సెంటీమీటరు పొరపాటు మొత్తంగా లెక్కలోకి వస్తుంది, పది చుట్లు కొలిస్తే అది పదో వంతుకు తగ్గుతుంది. 1735 కాదు, 1680.

కాగితం లెక్కనే మీటరుకు ఇచ్చి ఉంటే 60 దగ్గర 62 చూపేది, పరీక్షలో అదీ నెగ్గేది. అయినా మీటరులో ఉండే అదనం నేను తెలిసి ఉంచినదై ఉండాలి గాని, తెలియక మిగిలిపోయినది కాకూడదని నా అభిప్రాయం. అందుకే ముందు అసలు సంఖ్యనే ఇచ్చి, అద్దెకు తీసుకున్న ఒక పాత విమానాశ్రయపు రన్‌వే మీద జీపీఎస్‌తో పోల్చి చూశాను. జీపీఎస్ వేగం పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ కొంచెం వెనకబడుతుంది కాబట్టి, ఒకే వేగాన్ని కొన్ని క్షణాలు నిలకడగా ఉంచి అప్పుడే రెండు అంకెలనూ చదవాలి.

30 దగ్గర రెండూ కలిశాయి. 40 దగ్గరా కలిశాయి. 60 దగ్గర మాత్రం తెర మీద 50 కనిపించింది. మొదట వైర్లను అనుమానించాను. ఇగ్నిషన్ వైర్ల పక్కనుంచి సెన్సారు వైరు పోతే దొంగ పల్సులు పుడతాయి, కాని వాటివల్ల వేగం పెరగాలి, తగ్గకూడదు. ఆ రాత్రి రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకున్నాక విషయం బోధపడింది: 60లో 50 అంటే సరిగ్గా ఆరింట ఐదు వంతులు. ఆరు బోల్టులలో ఒకటి లెక్కలోకి రావడం లేదన్నమాట. మరునాడు కారు కిందికి దూరి షాఫ్టును చేత్తో తిప్పితే సెన్సారు వెనుక ఉన్న చిన్న దీపం ఆరుసార్లూ వెలిగింది, కాని ఒక బోల్టు దగ్గర ఆ వెలుగు మిగిలినవాటి కంటే తక్కువసేపు నిలిచింది. ఆ బోల్టు తల అరిగి, మిగిలినవాటి కంటే పొట్టిగా ఉంది. మెల్లగా తిరిగేటప్పుడు అంచున అందుతున్న ఆ తల, వేగం పెరిగి షాఫ్టు మీద బలం పడి అది కాస్త జరిగినప్పుడు సెన్సారుకు అందకుండా పోతోంది. కొత్త బోల్టు వేసి, ఆరు తలలకూ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడం వచ్చేలా ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులను కొలిచే రేకులతో) సరిచూసి, లాక్ నట్లు బిగించాను. తరువాత 60కి 60 వచ్చింది.

ఇక అదనం ఎంత ఉంచాలన్నది మిగిలింది. టైరు అరిగేకొద్దీ చుట్టుకు నడిచే దూరం తగ్గుతుంది, అందువల్ల మీటరు మరింత ఎక్కువ చూపుతుంది. కొత్త టైరులో ఎనిమిది మిల్లీమీటర్లు ఉండే గాడి చట్టపరమైన హద్దు 1.6 దాకా అరిగితే తేడా రెండు శాతం పైమాటే, కాని అది క్షేమమైన వైపు పోయే తేడా. అరిగిన టైర్ల మీద సరిచేసిన మీటరుకు కొత్త టైర్లు వేస్తేనే ప్రమాదం, ఎందుకంటే అప్పుడది తక్కువ చూపడం మొదలుపెడుతుంది. నావి కొత్త టైర్లే గనుక 1680 బదులు 1710 ఇచ్చాను, 60 దగ్గర 61 చూపుతుంది. దీనివల్ల ఓడోమీటరు కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ తిరుగుతుంది. నా మీటరులో రెండింటికీ వేరు సంఖ్యలు ఇచ్చే వీలు లేదు కాబట్టి దానికి ఒప్పుకున్నాను.

పరీక్షలో చక్రాలను రోలర్ల మీద తిప్పి స్పీడోమీటరును చూసినప్పుడు ఏ చిక్కూ రాలేదు. నంబరు ప్లేటు వచ్చాక మొదటి ఆదివారం మోటర్‌వే మీదికి వెళ్లాం. అక్కడ అంచున ప్రతి 100 మీటర్లకూ ఒక గుర్తు కంబం ఉంటుంది. మా అబ్బాయి పక్క సీటులో కూర్చుని వాటి మీది సంఖ్యలను చదువుతూ వచ్చాడు. 16 కిలోమీటర్లు అంటే 9.94 మైళ్లు, నా లెక్క ప్రకారం మీటరు 10.1 చూపాలి. సరిగ్గా 10.1 చూపింది.