వైవాలో నన్ను నిలబెట్టిన బాణం గుర్తు

నిన్న మధ్యాహ్నం నా ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు వైవా గట్టెక్కింది, రెండోసారికి. మొదటిసారి నన్ను తిప్పి పంపారు. ఆ అవమానం ఇంకా ఆరలేదు కనుక ఇప్పుడే రాస్తున్నాను. తిరుపతిలో నా తర్వాత ఈ అంశం తీసుకునే వాళ్లెవరూ నాలా సుద్దముక్క పట్టుకుని నోరు పెగలక నిలబడకూడదు.

అంశం, రాకెట్లతో పిడుగును పుట్టించడం. దానికి ఆమోదం ఒక్కరోజులో వచ్చింది. టైపింగు, బైండింగు రెండు రోజుల పని. ఫీజు రసీదుకు మాత్రం మూడు రోజులు తిప్పారు. కౌంటరులో ఉన్నాయన తలెత్తి చూడలేదు. రసీదు చేతికందగానే రెండు జిరాక్సులు తీయించుకోండి. ఆ ఆఫీసు గురించి ఇంతకంటే రాయను.

ఆ మొదటి వైవాలో పది నిమిషాలు కంఠస్థం చేసినదంతా ఒప్పజెప్పాను. ఉరుముల మేఘం కమ్ముకుని, నేల దగ్గర విద్యుత్ క్షేత్రం మీటరుకు అయిదారు వేల వోల్టులు దాటేదాకా కాచుకుంటారు. అప్పుడు మీటరు పొడవున్న చిన్న రాకెట్‌ను వదులుతారు. దాని వెనక సన్నని రాగి తీగ చుట్ట నుంచి విప్పుకుంటూ పోతుంది, రెండో కొస నేలకు కట్టి ఉంటుంది. 1960లలో ఫ్లోరిడా దగ్గర సముద్రంలో ఓడ మీద నుంచి, 1973లో ఫ్రాన్స్‌లో నేల మీద నుంచి, 1993 తర్వాత ఫ్లోరిడాలోనే క్యాంప్ బ్లాండింగ్ అనే సైనిక స్థావరంలో ఈ ప్రయోగం చేశారని కూడా చెప్పాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు చెయ్యెత్తి ఆపారు. "చాలమ్మా. నల్లబల్ల మీద బొమ్మ గియ్యి. పిడుగు మొదలయ్యే చోట చుక్క పెట్టు, అది ఎటు పోతుందో బాణం గుర్తు వెయ్యి."

మేఘం అడుగున చుక్క పెట్టి, బాణాన్ని కిందికి గీశాను.

"మేఘంలోనే మొదలయ్యేటట్లయితే ఇక రాకెట్ ఎందుకు?" అన్నారు. నేను మాట్లాడలేదు. "సరే, ఎత్తే కారణమనుకుందాం. అంతే ఎత్తున్న టవర్ ఎప్పటినుంచో నిలబడి ఉంది. దానికి లేని సులువు ఈ తీగకు ఎక్కడిది?"

గదిలో గడియారం చప్పుడు వినిపించింది. మా గైడ్ గారు ఫైలులోకి చూస్తున్నారు. నా తర్వాత పిలవాల్సిన అబ్బాయి తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. "చదువుకుని రా అమ్మా" అని రికార్డు మూసేశారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ బాణం నాది కాదు. ఓ సీనియర్ ఇచ్చిన పాత రికార్డు నుంచి దించుకున్నాను. ఆమె అంతకు ముందు బ్యాచ్ నుంచి దించుకుంది. ఒక తప్పు గీత ఇన్ని చేతులు మారినా ఎవరూ ఆగి ఎందుకని అడగలేదు. మార్కుల కోసం చదివే చదువు మనల్ని ఇలాగే తయారుచేస్తుంది. చిత్తూరు నుంచి బస్సులో వస్తూ పోతూ రోజూ గాదంకి దాటుతాను. ఆకాశపు పొరలను పట్టి చూసే ఎంఎస్‌టీ రాడార్ ఉన్న ఊరు అది. ఇంత దగ్గరలో అంత పని జరుగుతుంటే, పిడుగు ఎటు పోతుందో కూడా తెలుసుకోకుండా ప్రాజెక్టు రాశానని సిగ్గుపడ్డాను.

పదిహేను రోజులు కూర్చుని చదివితే తెలిసింది. రాకెట్ పిడుగును కిందికి లాగదు. పిడుగు తీగ పై కొసన పుట్టి పైకి పోతుంది. రాకెట్ ఎగసేకొద్దీ కొస దగ్గర క్షేత్రం ఎంతో తీవ్రమై, గాలి తెగి కరెంటు పారే దారిగా మారుతుంది. మొదట్లో అలాంటి దారులు పుట్టినవి పుట్టినట్టే ఆరిపోతాయి, తీగలో చిన్న చిన్న విద్యుత్ స్పందనలుగా మాత్రమే నమోదవుతాయి. రాకెట్ రెండు మూడు వందల మీటర్ల ఎత్తుకు చేరేసరికి వాటిలో ఒకటి ఆరకుండా నిలుస్తుంది. ధనావేశంతో ముందుకు పాకే ఆ దారినే ధన లీడర్ అంటారు. అది సెకనుకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో, మేఘం అడుగునున్న రుణావేశం వైపు పాకుతుంది. వందల ఆంపియర్ల కరెంటుకు తీగ ఆవిరైపోయినా, అది కాలిన దారిలోనే కరెంటు సాగుతుంది. ఆ కరెంటు ఆగిపోయిన కొద్దిసేపటికి, అదే దారిన మేఘం నుంచి మరో లీడర్ దిగి నేలను తాకుతుంది. అప్పుడు వేల ఆంపియర్లతో కళ్లు చెదిరే మెరుపు వస్తుంది. మనం దాన్నే మొదలనుకుంటాం.

ఇక టవర్ ప్రశ్న. మేఘం కింద గడ్డిపోచ కొసలు, ఆకుల అంచులు, టవర్ శిఖరం అన్నీ గాలిలోకి ఆవేశాన్ని వదులుతుంటాయి. టవర్ కదలదు కనుక ఆ ఆవేశం దాని కొస చుట్టూ పేరుకుని, అక్కడి క్షేత్రాన్ని తగ్గించేస్తుంది. రాకెట్ సెకనుకు నూటయాభై, రెండువందల మీటర్ల వేగంతో పోతుంది. ఆ ముసుగు కమ్ముకునేలోపే కొస కొత్త గాలిలోకి వెళ్లిపోతుంది. ఎత్తుతో పాటు ఆ వేగమూ కావాలి.

ఇది నాకు ప్రాజెక్టు మాత్రమే కాదు. నా తొమ్మిదో ఏట మా చిన్న మామయ్య మామిడి తోటలో చెట్టు కింద పిడుగు పడి పోయాడు. పిడుగు వెతుక్కుంటూ వచ్చిందని ఊరంతా అన్నారు. అది ఎవరినీ వెతుక్కోదు. మామూలు పిడుగు పైనుంచే దిగుతుంది, కానీ అది దగ్గరపడ్డాక నేల మీది ఎత్తైన కొసల నుంచి కూడా లీడర్లు ఎదురు వెళ్తాయి. చెట్టు అలాంటి కొసే. ఉరుము వినబడితే చెట్టు కిందికి పోకండి. పక్కా ఇంట్లోకి పోండి.

నిన్న నేనే అడిగి సుద్దముక్క తీసుకున్నాను. తీగ కొసన చుక్క పెట్టి, బాణాన్ని పైకి గీశాను. "తీగ కింది కొస నేలకు కట్టకపోతే?" అని అడిగారు. తీగకూ నేలకూ మధ్య కొన్ని వందల మీటర్ల మేర విద్యుత్తు పారని దారం ఉంచుతారని, అప్పుడు పై కొస నుంచి ధన లీడర్ పైకి, కింది కొస నుంచి రుణ లీడర్ నేలకు బయలుదేరతాయని తడుముకోకుండా చెప్పాను. మా బ్యాచ్‌లో ఇంకెవరూ చెప్పలేరు.

ఆయన రికార్డు తిరగేసి, "ఇందులో బాణం కిందికే ఉందే" అన్నారు.

"అది తప్పు సార్" అన్నాను.

మూడు కాపీల్లోనూ ఆ పేజీ మార్చి తెమ్మని సంతకం పెట్టారు. రేపు బైండింగు షాపుకు వెళ్లాలి.